పదికి పది రాని పసిబిడ్డ

పరకాలలో ఉన్న మా అక్క బిడ్డ మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. కాన్పయి ఆరు రోజులు. బాలింత అంత రాత్రి ఫోన్ చేస్తే ఎవరికైనా గుండె దడే కదా.

"చిన్నమ్మా, మావోనికి మొదలు ఎనిమిది, తర్వాత తొమ్మిది ఏసిన్రు. పదికి పది ఎందుకు రాలే?"

ఒక చేతిలో డిశ్చార్జ్ షీటు, ఇంకో చేతిలో ఆడబిడ్డ పంపిన వాట్సాప్ మెసేజ్. అదే మెసేజ్ నాకూ ఆ వారం మూడు గ్రూపుల్లో వచ్చింది. "ప్రతి తల్లికీ షేర్ చేయండి" అని మొదలై, చెప్పేది ఇదీ: పుట్టగానే బిడ్డకు అప్గార్ అని పదికి మార్కులు వేస్తారు. పది రాకపోతే మెదడుకు ఆక్సిజన్ అందనట్టే. కాళ్లు చేతులు నీలంగా ఉంటే గుండెలో రంధ్రం. మొదటి నిమిషం మార్కులు తక్కువైతే పెద్దయ్యాక చదువు అబ్బదు. ఏడవని బిడ్డను తలకిందులుగా పట్టుకుని చరిచి, చల్లనీళ్లు చల్లాలి, ఇప్పటి డాక్టర్లకు అది చేతకాదు. తప్పు బయటపడుతుందని ఆస్పత్రులు ఈ మార్కులు దాస్తాయి.

వరంగల్ చుట్టుపక్కల లేబర్ రూముల్లో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని. చీటీల మీద ఆ అంకెలు నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అందుకే ఈ మెసేజ్‌కు జవాబు రాయక తప్పలేదు.

అసలు చిక్కు "మార్కులు" అన్న మాటతోనే వచ్చింది. హన్మకొండలో ఏ చౌరస్తాలో నిలబడ్డా ర్యాంకుల ఫ్లెక్సీలే. అలాంటి చోట పదికి ఎనిమిది అంటే రెండు పోయాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఇది బిడ్డకు పెట్టిన పరీక్ష కాదు. న్యూయార్క్‌లో మత్తు డాక్టరుగా పనిచేసిన వర్జీనియా అప్గార్ 1952లో ఈ పద్ధతి తయారుచేసి, 1953లో ప్రచురించారు. పుట్టిన బిడ్డ ఎలా ఉందో గదిలో అందరూ ఒకే తీరుగా చూడాలని ఆమె ఉద్దేశం. అప్గార్ అన్నది ఆమె ఇంటిపేరు. అందులోని అక్షరాలకు ఐదు ఇంగ్లీషు మాటలు కుదిర్చింది తర్వాతి వాళ్లు, గుర్తుంటుందని.

"పది రాకపోతే మెదడుకు ఆక్సిజన్ అందనట్టే." ఇది శుద్ధ తప్పు. చూసేవి ఐదు: గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే ముఖం చిట్లించడం లేదా ఏడవడం, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. పుట్టిన ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో చూస్తాం. ఏడు నుంచి పది దాకా వస్తే బాగున్నట్టే. ఐదో నిమిషంలోనూ ఏడుకు తక్కువే ఉంటే ఇరవై నిమిషాల దాకా ప్రతి ఐదు నిమిషాలకూ మళ్లీ చూస్తాం.

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఆక్సిజన్ మాయ నుంచే వస్తుంది. బయటికొచ్చి మొదటిసారి ఊపిరి పీల్చాక, ఒంట్లో ఆక్సిజన్ మెల్లగా పెరుగుతుంది. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ కుడిచేతికి మిషన్ పెట్టి చూసినా ఒకటో నిమిషంలో 60 నుంచి 65 శాతమే ఉండొచ్చు. ఐదో నిమిషానికి 80–85, పదో నిమిషానికి 85–95. పెద్దవాళ్లకు కరోనా రోజుల్లో 90 కిందికి పడితే ఊరంతా ఉరికినం. అదే లెక్క అప్పుడే పుట్టిన బిడ్డకు పనికిరాదు. కాబట్టి మొదటి నిమిషంలో కాళ్లు చేతులు ఇంకా నీలంగా ఉండి రంగుకు ఒక పాయింటు తగ్గడం మామూలే. ఒకటో నిమిషంలోనే పదికి పది అని రాసి ఉంటే, నాకైతే బిడ్డ మీద కాదు, రాసినవాళ్ల మీద అనుమానం వస్తుంది.

"కాళ్లు చేతులు నీలంగా ఉంటే గుండెలో రంధ్రం." కాదు. చేతులకు, కాళ్లకు రక్తప్రసరణ కుదురుకోవడానికి కొంత టైమ్ పడుతుంది, ఒకటి రెండు రోజులు కూడా పట్టొచ్చు. మేం చూసేది నాలుక, పెదవుల లోపలివైపు. అవి నీలంగా ఉంటేనే కంగారు. పుస్తకంలో "గులాబీ రంగు" అని ఉంటుంది కానీ మన పిల్లల చర్మం మీద ఆ గులాబీ ఎక్కడ కనిపిస్తుంది? నోరు తెరిచి చూడాల్సిందే. ఇంకో సంగతి, ఉత్త రంధ్రం మాత్రమే ఉన్న పిల్లలు సాధారణంగా పుట్టగానే నీలం పట్టరు. నీలం పట్టే గుండె జబ్బులు వేరే ఉన్నాయి.

"మొదటి నిమిషం తక్కువైతే చదువు అబ్బదు." తల్లుల నిద్ర చెడగొట్టేది ఈ ముక్కే.

ఒక రాత్రి ములుగు వైపు నుంచి 108లో వచ్చిన తల్లికి వచ్చీరాగానే కాన్పయింది. ఆడపిల్ల. నా చేతిలో తోటకూర కాడలా వాలిపోయింది. పొడి గుడ్డతో ఒళ్లంతా తుడిచా, వీపు రుద్దా, అరికాళ్ల మీద వేలితో తట్టా. ఊపిరి లేదు. తడి గుడ్డ తీసేసి, మెడ సరిచేసి డాక్టరమ్మ మాస్క్ పెట్టి, ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే బ్యాగ్ నొక్కడం మొదలుపెట్టింది. నేను బొడ్డుతాడు మొదట్లో రెండు వేళ్లతో పట్టుకున్నా. ఆరు సెకన్లు లెక్కపెట్టి పదితో గుణిస్తే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుస్తుంది. ఎనిమిది వచ్చింది, అంటే ఎనభై. వంద దాటాలి. మళ్లీ లెక్కపెట్టేసరికి పదకొండు. కాసేపటికి సన్నగా, పిల్లి కూనలా మూలిగింది.

ఒకటో నిమిషం 2, ఐదో నిమిషం 8. ఆ చీటీ రాసింది నేనే. ఆ పిల్ల తర్వాత ఏం చదివిందో నాకు తెలీదు, ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కూడా కాదు. కానీ ఆ 2 చెప్పేది "ఇప్పుడు సాయం కావాలి" అని. 8 చెప్పేది "సాయం అందింది" అని. అంతకుమించి జాతకం చెప్పడానికి దాన్ని ఎవరూ తయారుచేయలేదు. తల్లికి మత్తు ఇచ్చినా, నెలలు నిండకుండా పుట్టినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంకె తగ్గుతుంది. ఒకే బిడ్డను ఇద్దరు చూస్తే రంగు, బిగువు దగ్గర ఒక పాయింటు తేడా రావడం కూడా కొత్త కాదు. కేవలం ఈ స్కోరు చూసి ఒక బిడ్డ భవిష్యత్తు చెప్పకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల, ప్రసూతి డాక్టర్ల సంఘాలు 2015లో కలిసి స్పష్టంగా చెప్పాయి. స్కోరు తక్కువ వచ్చిన పిల్లల్లోనూ ఎక్కువమందికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లు చేతుల కదలిక అదుపు తప్పే జబ్బు, రాదు.

అయితే మెసేజ్‌లో ఆవగింజంత నిజం ఉంది, దాన్ని దాచను. ఐదో నిమిషంలోనూ, పదో నిమిషంలోనూ అంకె బాగా కిందే ఉండిపోతే అది మామూలు విషయం కాదు. అప్పుడు బొడ్డు రక్తం పరీక్ష, ఫిట్స్ వస్తున్నాయా, ఒళ్లు ఎలా ఉంది, అన్నీ కలిపి చూస్తారు. మెదడుకు దెబ్బ తగిలిందనిపిస్తే ఒళ్లు చల్లబరిచే చికిత్స ఉంది. దాన్ని పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి, మూడు రోజులు చేస్తారు. అది పెద్ద ఆస్పత్రిలో డాక్టర్ల చేతిలోనే జరగాలి, ఇంట్లో బిడ్డను చల్లబెట్టొద్దు.

"తలకిందులు చేసి చరచాలి, చల్లనీళ్లు చల్లాలి." ఎవరు రాశారో కానీ, దీనికి మాత్రం నాకు కోపమొచ్చింది. పుట్టిన బిడ్డ ఒళ్లు జిగురుగా, సబ్బు పట్టినట్టు జారుతుంది. కాళ్లు పట్టుకుని ఎత్తితే జారి పడిందనుకోండి! చల్లనీళ్లు పడితే ఒళ్లు చల్లబడి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. తుడవడం, వీపు రుద్దడం, అరికాలు తట్టడం, అప్పటికీ ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోపే బ్యాగ్‌తో గాలి ఇవ్వడం, ఇదీ పద్ధతి. 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమంలో నర్సులకు, ఏఎన్ఎంలకు నేర్పించేది ఇదే. స్కోరు వేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఉండదు.

దీని వెంటే "ఉమ్మనీరు తాగిండట" అనే మాట కూడా వస్తుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఉమ్మనీరు తాగుతూనే ఉంటుంది, దాంతో పేచీ లేదు. కడుపులోనే దొడ్డికి పోయి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతేనే సమస్య.

మార్కులు దాస్తారన్న దానికి ఒక్కటే జవాబు: కేస్ షీట్‌లో రాస్తారు, అడిగితే చెప్తారు. మా అక్క బిడ్డ చేతికి రాసిచ్చారు కదా! మావాళ్ల తప్పు ఒకటుంది. వరుసగా నాలుగు కాన్పులైన రాత్రి, గడియారం చూడకుండా తెల్లారి గుర్తు తెచ్చుకుని రాసేవాళ్లను చూశాను. అది దాచడం కాదు, నిర్లక్ష్యం.

ఇవన్నీ ఆ రాత్రి ఫోన్‌లో చెప్పలేదు. షీటు పక్కన పెట్టమన్నా. పాలు బాగా తాగుతున్నాడా, ఊపిరి నిమిషానికి అరవై దాటి ఎగపోస్తున్నాడా, డొక్కలు ఎగరేస్తున్నాడా, ఒళ్లు వేడిగానో చల్లగానో ఉందా, అరచేతులు, అరికాళ్లు పసుపెక్కాయా, ఇవి అడిగా. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దని చెప్పా. ఏడో రోజు ఆశమ్మ ఎట్లాగూ ఇంటికొస్తుంది, ఆమెకూ చూపించమన్నా.

"ఉచ్చ ఎన్నిసార్లు పోసిండు బిడ్డా, పొద్దటి సంది?"

"ఏమో చిన్నమ్మా, ఏడో ఎనిమిదో. గుడ్డలు మార్చలేక సస్తున్న."