1981 ఆగస్టు 1కి ముందు ఎవరూ అడుగు వేయలేదు

మ్యూజిక్ వీడియోలలోని బృందనృత్యం 1981 ఆగస్టు 1న, అమెరికాలో ఎంటీవీ అనే పాటల టీవీ చానెల్ ప్రసారాలు మొదలైన శుభముహూర్తాన, కెమెరా గర్భం నుంచి స్వయంభువుగా వెలసిందన్నది నిర్వివాదాంశం. అంతకుముందు జరిగినదంతా కాకతాళీయమని సవినయంగా నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

చోలీ అట్కిన్స్ సంగతే చూడండి. హనీ కోల్స్‌తో జంటగా, బూట్ల చప్పుడుతో తాళం వేసే ట్యాప్ నృత్యం చేసిన ఈయన, ఆ కళకు గిరాకీ తగ్గాక పాటగాళ్లకు అడుగులు నేర్పే పనిలో పడ్డారు. 1960ల నడుమ అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డుల సంస్థలో చేరి టెంప్టేషన్స్, సుప్రీమ్స్, ఫోర్ టాప్స్ వంటి సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీతశైలి) గాయక బృందాలను తీర్చిదిద్దారు. ఆయనకు ఎదురైన చిక్కు సామాన్యమైనది కాదు: ఆడేవాళ్లే పాడాలి, మైకు ఉన్నచోటు నుంచి కదలదు, ఊపిరి తప్పితే శ్రుతీ తప్పుతుంది. అందుకని గిరగిరా తిరగడం, చిటికె వేయడం, చేయి చాచడం వంటివన్నీ గాత్రానికి విరామం దొరికే చోట్ల ఇమిడ్చి, తమ వంతు వచ్చేసరికి అందరూ మళ్లీ మైకు ముందు ఉండేలా లెక్క కట్టి, దానికి వోకల్ కొరియోగ్రఫీ అని పేరు పెట్టారు. గాయని గ్లాడిస్ నైట్ ముందు నిలబడి పాడుతుంటే, వెనక ఆమె సహగాయకులైన పిప్స్ ముగ్గురూ ఒకే ఒంటితో పుట్టినట్టు కదిలేవారు. పాపం, తప్పిన అడుగును కత్తిరించి పారేసే ఎడిటరు వారికి లేడు.

1965లో సుప్రీమ్స్ అరచేతులు ముందుకు చాచి ‘ఆగు’ అని సైగ చేస్తే, చిన్న టీవీ తెర మీద కూడా అది స్పష్టంగా అందింది. మనవాళ్లు ఇప్పుడు హుక్ స్టెప్ అంటున్నది సరిగ్గా ఇలాంటిదే అయినా, పోలికను పట్టించుకోనవసరం లేదు.

షాలమార్ అనే బృందంలోని జెఫ్రీ డేనియల్ వెనక్కి జారే నడకను 1982లోనే బ్రిటిష్ టీవీలో చూపారు. మరుసటి ఏడాది మోటౌన్ రజతోత్సవంలో, అదే సంస్థ నీడన బాలగాయకుడిగా ఎదిగిన మైకేల్ జాక్సన్ దానితో లోకాన్ని నివ్వెరపరిచారు. డేనియల్ ఆ తర్వాత జాక్సన్ వీడియోలకు నృత్యం సమకూర్చడం కూడా, మన సిద్ధాంతం ప్రకారం, యాదృచ్ఛికమే.

ఇక 1990ల బాయ్ బ్యాండ్లు. మైకు చెంపకు అంటుకుని వారితోపాటే తిరుగుతుంది. వీడియోలోనైతే పెదవులు కదిపితే చాలు, ఊపిరి దాచుకోనక్కరలేదు. అయినా ఐదుగురు కుర్రాళ్లు ఒక చుట్టు తిరిగి, సరిగ్గా పల్లవి అందుకునే వేళకు, అక్కడ లేని మైకు ముందుకు వచ్చి వరుసగా నిలబడతారు. ఇది పూర్తిగా దర్శకుడి సృజన.