‘కూర ఏటి?’ అన్నందుకు

హైదరాబాద్ హాస్టల్లో మొదటి రాత్రి నేను అడిగింది ఒక్క మాటే, "కూర ఏటి?" అని. గదిలో అందరూ నవ్వారు. అప్పటిదాకా నాకో యాస ఉందని నాకు తెలీదు, ఎందుకంటే మా ఊళ్లో అందరూ అలాగే మాట్లాడతారు, దానికి ప్రత్యేకంగా పేరుండదు. జిల్లా దాటి వచ్చాకే ‘శ్రీకాకుళపోడు’ అనే పేరు వచ్చింది, అదీ వేరేవాళ్లు పెట్టింది.

ఆ నవ్వు వాళ్ల సొంతమని కూడా అనలేను. సినిమాల్లో ఏళ్ల తరబడి మా యాస ఎక్కువగా పనిమనిషికో వాచ్‌మన్‌కో కమెడియన్‌కో దక్కింది, హీరో మాత్రం వేరే తెలుగు మాట్లాడాడు. నన్ను చూడకముందే వాళ్లకి నేను తెలుసు. ఆరు నెలల్లో నా నోట్లో ‘ఏటి’ పోయి ‘ఏంటి’ వచ్చింది, ‘బేగి’ పోయి ‘తొందరగా’ వచ్చింది, అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే మేడ మీదకి వెళ్లేవాణ్ని.

జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మా దగ్గరే, శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలో, 1863లో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయినా పేపర్లకీ పాఠ్యపుస్తకాలకీ ఎక్కిన వాడుక భాష ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు చదువుకున్నవాళ్లది. మాది యాసగానే మిగిలింది.

ఇంతవరకూ చెప్పి ఆగిపోతే నేను సగమే చెప్పినట్టు. మొన్నమొన్నటిదాకా మా జిల్లాలోనే ఉన్న సీతంపేట సంతలో, పసుపు, చింతపండు, కొండచీపుర్లు తెచ్చే సవర గిరిజన ఆడవాళ్లని మావాళ్లు ఎలా పిలుస్తారో చిన్నప్పటి నుంచీ చూశాను. తల నెరిసిన ఆమెని కూడా "ఒలే" అనే పిలుస్తారు, ఆమె తెలుగుని ఎక్కిరించి, ఆ నవ్వుల్లోనే ధర తగ్గిస్తారు. నేనూ నవ్వాను. హాస్టల్లో నాకు తగిలిన నవ్వు ఎలాంటిదో ఆ సంతలోనే నాకు ముందే తెలిసుండాలి.

గిడుగు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు, వాళ్ల భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ సంతకి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. పసుపుని సవరలో ఏమంటారని ఆ ఆడవాళ్లలో ఒక్కరినీ అడగలేదు.