కరెంటుకు కొరత లేదు, దారే ఇరుకు

మొన్న మే నెలలో ఒక రాత్రి పదిన్నరకి మా వీధి మొత్తం చీకటైపోయింది. శ్రీకాకుళంలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. అందరం రోడ్డు మీదకి వచ్చేశాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టార్చి పెట్టుకుని ఫ్యూజు వేస్తున్న లైన్‌మన్‌ని మళ్లీ ఎందుకు పోయిందని అడిగితే, తల తిప్పకుండానే "ఒకలి తరవాత ఒకలు ఏసుకుంటే పోదు బాబూ, అందరూ ఒక్కసారే ఏసీసినారు" అన్నాడు. నేనిక్కడ రాసేదంతా ఆయన అన్న ఆ ముక్కే, కాస్త సాగదీశానంతే.

లెక్క చూడండి. వీధిలో ఉండేది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మహా అయితే 100 కిలోవాట్లు మొయ్యగలిగేది అనుకుందాం. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారుగా కిలోవాటున్నర లాగుతుంది. నలభై ఇళ్లలో ఏసీలు కలిసి నడిస్తే ఒక్క వాటికే 60 కిలోవాట్లు పోయాయి. ఆపైన ఇండక్షన్ స్టవ్వులు, నీళ్ల మోటార్లు, ఫ్రిజ్‌లు, ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టిన స్కూటర్లు. రాష్ట్రంలో కరెంటు దండిగా ఉండొచ్చు, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో చవగ్గా దొరుకుతూ ఉండొచ్చు, కానీ మన ఇంటికి రావాలంటే ఆ స్తంభం మీది డబ్బాలోంచే రావాలి. పైగా తీగలో కరెంటు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలు. అంటే రాత్రి రద్దీ వేళ వేడిగా పోయేది మామూలు కంటే చాలా ఎక్కువ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేసేస్తే పోలేదా అంటారు. వెయ్యొచ్చు, కొన్నిచోట్ల వెయ్యక తప్పదు కూడా. కానీ ఏడాదిలో ఏ కొన్ని రాత్రుల కోసమో వేసిన దాని ఖర్చు తిరిగి మన బిల్లులోకే వస్తుంది. డబ్బా మార్చితే వెనకున్న 11 కేవీ లైను, దాని వెనకున్న సబ్‌స్టేషన్ కూడా ఆ బరువు మొయ్యాలి మరి.

జనం కలిసి లోడు కదపగలరా, అంటే వాడకాన్ని రద్దీ వేళ నుంచి తప్పించగలరా అనే అనుమానం నాకు లేదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది, అధికారులు అనుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అయితే అది దేశం మొత్తం మీద జరిగిన తంతు. మా వీధి సమస్య మా వీధిది, పలాసలో ఎవరో ఏసీ ఆపితే మా ఫ్యూజు నిలబడదు.

నిజానికి లోడు కదపడం మనకి కొత్తేం కాదు, దశాబ్దాలుగా రైతు చేత చేయిస్తున్నాం. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది, తర్వాత పగటిపూట తొమ్మిది గంటల సరఫరా అన్నారు. ఏ ఫీడర్‌కి, అంటే ఊళ్లకి వెళ్లే ఏ లైనుకి, ఏ వేళల్లో ఇవ్వాలో సబ్‌స్టేషన్‌లోనే నిర్ణయమైపోతుంది. రణస్థలం, లావేరు వైపు మెట్టలో బోర్ల మీద బతికే రైతుకి అందులో మాట లేదు. అందుకే ఆటో స్టార్టర్ బిగించుకున్నాడు, కరెంటు రాగానే మోటారు దానంతటదే అందుకుంటుంది. అందరివీ ఒకే క్షణంలో అందుకుంటాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి వోల్టేజ్ దబ్బున పడుతుంది, ఒకడి కాయిల్ కాలుతుంది, ఇంకోచోట ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. రైతుని తిట్టి లాభం లేదు, మన ఏర్పాటే అతనికలా నేర్పింది. ఒక్కో స్టార్టర్‌లో ఒక్కో ఆలస్యం పెడితే, ఒకడిది రెండు నిమిషాలకి, పక్కవాడిది నాలుగు నిమిషాలకి అంటుకుంటే, రైతుకి పోయేదేమీ లేదు. కొత్త లైను పక్కన ఆ టైమర్ ఖర్చు ఏపాటిది?

ఇదే తప్పు ఇళ్ల విషయంలోనూ చేస్తామేమోనని నా భయం. 2023 జూన్‌లో కేంద్రం కరెంటు రేట్ల నిబంధనలు మార్చింది. ఎండ ఉన్న ఎనిమిది గంటలు రేటు కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళ ఇళ్లకి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలంది. వ్యవసాయాన్ని వదిలేసి, ఇళ్లకి 2025 ఏప్రిల్ గడువు పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ చవక రేటు మొదలయ్యే నిమిషానికే ఊరంతా స్విచ్చి వేస్తే? రద్దీ పోదు, వేళ మారుతుందంతే. రాష్ట్రమంతటికీ ఒకే రేటు పెడితే, ఏ స్తంభం మీద ఊపిరాడటం లేదో ఆ రేటుకేం తెలుస్తుంది?

కదిలేవి చాలా ఉన్నాయి. పంచాయతీ ట్యాంకు మధ్యాహ్నం నిండినా రాత్రికి అవే నీళ్లు. ఐస్ ఫ్యాక్టరీ సాయంత్రం రెండు గంటలు ఆగినా దిమ్మ కరిగిపోదు, మన తీరంలో బ్యాటరీ అంటే నా దృష్టిలో అదే. ఈ-ఆటో ఎనిమిదింటికి ఛార్జింగ్ పెడితేనేం, అర్ధరాత్రి దాటాక ఎక్కితేనేం, తెల్లారేసరికి నిండితే చాలు. కానీ రొయ్యల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరేటర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఆపితే పొద్దున్నకి రొయ్యలన్నీ తేలిపోతాయి. ఇంట్లో ముసలివాళ్లున్న గదిలో ఏసీ కూడా అంతే. ఏది కదపొచ్చో వాడేవాడే చెప్పాలి, ఆఫీసులో కూర్చుని తేల్చేది కాదు.

ఇక నమ్మకం సంగతి. పంపుసెట్లకి మీటర్లు పెట్టే ప్రయోగం 2020లో మొదలైంది మన శ్రీకాకుళం జిల్లాలోనే. అవి రైతు మెడకి ఉరితాళ్లన్న మాట ఎంత దూరం వెళ్లిందో అందరికీ గుర్తే. మీటరు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, దాని వల్ల తనకేం వస్తుందో ముందు చెప్పకపోతే ఎవరూ నమ్మరు. బ్రిటన్‌లో 2022 చలికాలం నుంచి, చెప్పిన గంటల్లో వాడకం తగ్గించిన ఇళ్లకి డబ్బులిచ్చారు. మన దగ్గర "పొదుపు చేయండి" అని బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటాం. రాత్రి పదికి నేను చెమటలు కారుస్తూ ఏసీ ఆపితే కరెంటు సంస్థకి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు తప్పింది కదా, అందులో నా వాటా నా బిల్లులో కనబడాలి. అదీ వచ్చే నెలే, అంకెల్లో.

జిల్లా అంతా ఒకేసారి మొదలెట్టమనను. మాటిమాటికీ ఫ్యూజు పోయే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని ఒక్క వేసవి చేసి చూడండి. దాని కింద ఎవరింట్లో ఎన్ని ఏసీలున్నాయో, ఎవరి మోటారు ఎన్నింటికి ఆడుతుందో సర్వే చేయించే పని కూడా లేదు. ఆ రాత్రి ఫ్యూజు వేసి వెళ్తూ మా లైన్‌మన్ అవన్నీ ఇల్లిల్లూ వేలితో చూపించి చెప్పాడు.