పెరోల్ జామీను బాండు గారికి ఒక జామీనుదారు విన్నపం

మహారాజశ్రీ పెరోల్ జామీను బాండు గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం మా తాతల నాటి అలవాటు గనక రాశాను. నిజానికి కుశలం మీ వైపే ఉంది. మీరు జైలు ఆఫీసు ఫైల్లో ట్యాగు కట్టించుకుని, ఫ్యాను కింద హాయిగా పడుకుని ఉంటారు. నేను మాత్రం నిన్న పొద్దున పిలిచిందే తడవుగా వెళ్లి, పొద్దుగూకే దాకా పోలీస్ స్టేషన్ వసారాలో చెక్కబెంచీ మీద కూర్చున్నాను.

నిన్న వేలంలో నా పొగాకు బేళ్ల వంతు. నారు పోసిన రోజు నుంచి ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకున్న దాకా పడ్డ పాటంతా ఆ ఒక్క పూటలో తేలుతుంది. రైతు బేలు పక్కనే ఉండి ఆకు తీసి చూపిస్తేనే ధర అంతంతమాత్రం. నేను లేక మా అబ్బాయిని పంపాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు, ఆకు చూసి గ్రేడు చెప్పే వయసు కాదు. "నాన్నా, నో బిడ్ అంటున్నారు, ఏం చేయమంటావు?" అని ఫోన్ చేశాడు. మా బేళ్లకు ఎవరూ ధర పాడలేదని దానర్థం. నేను నోరు తెరిచేలోపే, "ఫోన్ పక్కన పెట్టు పెద్దాయనా, ముందు మీవాడు యాడున్నాడో చెప్పు" అన్నాడు కానిస్టేబుల్.

వాడు ఎక్కడున్నాడో నాకు తెలిస్తే నేను బెంచీ మీద ఎందుకుంటాను సామీ?

మీకు గుర్తుండే ఉంటుంది. గట్టు తగాదాలో మనిషి పోయిన కేసులో జీవిత ఖైదు పడ్డ మా పిన్ని కొడుకు, కూతురి పెళ్లికని పెరోల్, అంటే కొన్నాళ్లు ఇంటికి పోయి వచ్చే అనుమతి, అడిగాడు. గడువుకు తిరిగి జైలుకు వస్తాడని నేను జామీను పడ్డాను. మా పిన్ని రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువుకు పోయి, నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు పంచే రొట్టె పట్టింది. కొడుకు ఇంటికి రావాలని మొక్కుకుంది. కొడుకు వచ్చాడు. ఆ చెరువు దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె, ఇల్లు రొట్టె అన్నీ దొరుకుతాయి. జామీనుదారు రొట్టె ఏ మెట్టు దగ్గర ఇస్తారో కాస్త కనుక్కుని చెప్పండి, మొహర్రానికి ముందే వెళ్లి నిలబడతాను.

మీరు మా ఇంటికి ఎంత మర్యాదగా వచ్చారు! పాసుపుస్తకం జిరాక్సు, ఆధార్ జిరాక్సు, ఇంటిపన్ను రసీదు, రెండు ఫొటోలు. "ఏం లేదన్నా, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అన్నారు. పెళ్లి కూడా బ్రహ్మాండంగా జరిగింది. వాడే కాళ్లు కడిగి కన్యాదానం చేశాడు. లొంగిపోవాల్సిన తేదీ దగ్గరపడేసరికి "పదహారు రోజుల పండగ కాకుండా ఎట్లా పోతానన్నా, వియ్యంకుల దగ్గర పరువేం కాను?" అన్నాడు. పండగా అయింది, పందిరీ పీకారు. వాడి ఫోన్ స్విచాఫ్. వాట్సాప్ స్టేటస్ మాత్రం మొన్న మారింది. "ధర్మో రక్షతి రక్షితః" అట.

వాడి సంగతి చట్టం చూసుకుంటుంది, అందులో నాకేం సందేహం లేదు. షరతుల మీద శిక్ష ఆపి బయటికి పంపినవాడు షరతు తప్పితే, పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 473 సెక్షన్ కింద ప్రభుత్వం ఆ ఉత్తర్వు రద్దు చేయొచ్చు. వాడు బయట ఎక్కడ కనపడినా ఏ పోలీసు అధికారైనా వారెంటు లేకుండానే పట్టుకుని, మిగిలిన శిక్ష అనుభవించమని లోపలికి పంపొచ్చు. సత్ప్రవర్తన మీద వచ్చే తగ్గింపు రోజులకు కోత పడుతుంది. మళ్లీ పెరోల్ అడిగితే ఫైల్లో మొదటి కాగితం ఇదే కనపడుతుంది. ముందుగా విడుదల కావాలంటే జీవిత ఖైదీ లోపల గడపాల్సిన పద్నాలుగేళ్ల లెక్కలో పెరోల్ రోజులు కలపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో గోవా ఖైదీల కేసులో తేల్చేసింది. చెప్పి వచ్చిన రోజులకే దిక్కు లేకపోతే చెప్పకుండా ఉండిపోయిన రోజుల సంగతి వేరే చెప్పాలా? అంతా బాగుంది, ఎక్కడికక్కడ రాసిపెట్టి ఉంది.

నా సంగతే ఎక్కడా సరిగ్గా రాసిలేదు. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి వారెంటు అక్కర్లేదని సెక్షన్ ఉంది. పారిపోనివాణ్ణి పిలిపించడానికి ఆ సెక్షన్ కూడా అక్కర్లేదు. హోంగార్డు బైకు మీద వచ్చి వాకిట్లో హారన్ కొడితే చాలు. వాడి కోసం వెతకాలంటే జీపు కావాలి, డీజిల్ కావాలి, చెన్నైలో తెలిసినవాళ్లు కావాలి. నా కోసం ఏం కావాలి? నా ఇంటి నంబరు మీ రెండో పేజీలోనే ఉంది. నా ఫొటో ఉంది. నా పొలం సర్వే నంబరు ఉంది. నేను పొద్దున ఎన్నింటికి పాలు పోసి వస్తానో హోంగార్డుకు నోటికి వచ్చు. ఈ కేసు మొత్తంలో ఎప్పుడు వెతికినా దొరికే మనిషిని నేనొక్కణ్ణే కదా, అందుకని నన్నే వెతుకుతున్నారు.

నిన్న రైటరు నా స్టేట్‌మెంటు రాసుకున్నాడు. తలకిందులుగా చదవడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. నా పేరు పక్కన "ముద్దాయి" అని రాశాడు. కాసేపు చూసుకుని, దాని మీద ఒక గీత కొట్టి, పైన చిన్నక్షరాల్లో "జామీనుదారు" అని దిద్దాడు. కింద మాట ఇంకా స్పష్టంగా కనపడుతూనే ఉంది. కొట్టివేత పక్కన నా చేత పొట్టి సంతకం కూడా పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత, "ఊరు దాటిపోతే మాకు చెప్పి పోండి" అన్నారు. అక్షరాలా ఇదే షరతు వాడికీ పెట్టారు! వారం వారం స్టేషన్‌లో కనపడమని వాడికి చెప్పారు, కనపడుతున్నది నేను. గొడవల జోలికి పోవద్దని వాడికి చెప్పారు, పొలం గట్టు మీద పక్కవాడు తిట్టినా నోరు మూసుకుంటున్నది నేను. నెల్లూరులో మా అమ్మాయిని చూసి రావాలన్నా పర్మిషన్ అడగాల్సిన బతుకైంది. మా కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా వదిలి నెల్లూరు జిల్లాలోకి పోయినప్పుడు మాత్రం ఏ స్టేషన్‌లోనూ చెప్పి పోలేదు.

మీ అన్నగారు బెయిలు బాండు గారు మీకన్నా ఘనులని వకీలు చెప్పాడు. ఆయన దగ్గర ముద్దాయి మాట తప్పితే అదే సంహిత 491 సెక్షన్ కింద జామీనుదారుకు నోటీసు వస్తుంది. ఆ సొమ్ము కడతావా, ఎందుకు కట్టవో చెబుతావా అని కోర్టు అడుగుతుంది. వసూలు కాకపోతే జామీనుదారుణ్ణి ఆరు నెలల దాకా సివిల్ జైల్లో పెట్టొచ్చట. నోటీసూ, చెప్పుకునే అవకాశమూ అయినా ఉన్నాయి కదా అని సంతోషించాను. తర్వాత ఆలోచిస్తే ఇంకో అనుమానం వచ్చింది. నేను లోపలికి పోతే నాకు పెరోల్ కావాలంటే జామీను ఎవరు పడాలి? మా పిన్ని కొడుకా?

పెద్దవాళ్ల ఇళ్లలో మీరు ఇట్లాగే ప్రవర్తిస్తారా అని అడగాలని ఉంది. ఢిల్లీ మోడల్ జెస్సికా లాల్ హత్య కేసులో జీవిత ఖైదు పడ్డ పెద్దమనిషి 2009లో అమ్మకు ఒంట్లో బాగాలేదని తీహార్ నుంచి పెరోల్ మీద వచ్చి, ఢిల్లీలో పబ్బులో కనపడ్డాడు. రచ్చయ్యాక గడువుకు ముందే వెళ్లి లొంగిపోయాడు. మరుసటి ఏడు ఢిల్లీ ప్రభుత్వం పెరోల్‌కు కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. ఆయన జామీనుదారుణ్ణి ఎవరైనా బెంచీ మీద కూర్చోబెట్టి "మీవాడు యాడున్నాడు పెద్దాయనా" అని అడిగారా? 2025 ఆగస్టులో నెల్లూరు ఖైదీ పెరోల్ మీద టీవీలు గొంతు చించుకున్నప్పుడు కూడా ఎవరు సిఫారసు చేశారు, ఎవరు సంతకం చేశారు అని పైవాళ్లు ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు. ఇక్కడ చూపించడానికి ఎవరూ లేరు. వేలు నా వైపే ఉంది, మీలో ముద్ర కూడా నాదే ఉంది.

ఏమయ్యా బాండూ, ఇక మర్యాదలు చాలు. వాడి దగ్గర నువ్వు తీసుకున్నదేంది? ఒక సంతకం. నా దగ్గర తీసుకున్నదేంది? తాత నాటి పొలం కాగితం. తప్పినవాడికి పోయేది వచ్చే ఏడు పెరోల్. తప్పనివాడికి పోయేది ఈ ఏడు పంట. ఆ నో బిడ్ బేళ్లు మళ్లీ కట్టి, మళ్లీ ట్రాక్టరుకు ఎత్తి, మళ్లీ వంతు కోసం నిలబడాలి. ఆ కూలి ఎవరిస్తారు, నువ్విస్తావా? సొమ్ము జప్తు చేస్తామని నీలో అంత లావు అక్షరాలతో రాసుకున్నావే, వాడు దొరికితే నన్ను వదిలేస్తామని ఒక్క ముక్క, సన్నక్షరాల్లో అయినా, ఎక్కడైనా రాసుకున్నావా? రెండు వైపులా తిప్పి చూశాను. వెనక పేజీ ఖాళీ.

రాత్రి ఇంటికొచ్చేసరికి మా పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకు జాడ చెప్పడానికి వచ్చిందనుకుని ఆశపడ్డాను. కాసేపు ఏడ్చింది. మజ్జిగ తాగింది. గ్లాసు కింద పెట్టి, "నాయనా, వాడు తిరిగిపోతే మళ్లీ పెరోల్ ఇవ్వరంట గదా. ఫర్లో అని జైలు సెలవు ఇంకోటి ఉందంటగా, చిన్నదాని పెళ్లికి దానికైనా నువ్వు సంతకం పెట్టాలబ్బయా" అంది.

పాసుపుస్తకం బీరువాలో పెట్టి, తాళంచెవి మా ఆవిడ చేతికిచ్చాను. ఎక్కడ దాచిందో నాకు కూడా చెప్పొద్దన్నాను.

ఇట్లు,
పిలిస్తే పలికే దూరంలోనే ఉన్న
తమ జామీనుదారుడు