నీళ్ళు నిలబెట్టొద్దంట!

పొద్దున్నే ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 21 శాతం చూపించిందండి. 17 దాటితే తీసుకోరు. తుపాను వెళ్ళాక ఎండ మొహం చూసింది రెండు రోజులు. రోడ్డు మీద బరకాలేసి, లారీ వచ్చినప్పుడల్లా పక్కకి నెట్టి, మళ్ళీ పరిచి, పారతో తిరగేస్తే అడుగు గింజలకి తెల్లగా మొలకలు. ఎత్తిన బస్తాలు మళ్ళీ ట్రాక్టరెక్కించి తెచ్చేశాను.

ఆ మంటలో ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో డల్లాస్ బావగారి మెసేజ్. "నీళ్ళు నిలిచిన వరి చేలల్లోంచి మీథేన్ వాయువు వస్తుందిరా, భూమి వేడెక్కేస్తోంది. నీళ్ళు నిలబెట్టకండి." కింద మా అక్క చప్పట్లు.

మీథేన్ వస్తుంది, కాదన్నానా? కానీ అమెరికాలో తలకి ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన దగ్గర 2 టన్నులు. ముగ్గురున్న ఇంటికి మూడు కార్లు ఎవరివండీ? మొన్న సంక్రాంతికి పందెం బరి పక్కన కారులో ఏసీ ఆపకుండా మూడు గంటలు కూర్చున్నదెవరండీ? ఆ రోజు పుంజు కూడా ఓడిపోయింది, అది వేరే సంగతి.

స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో లెక్క కట్టారు. భూమి వేడెక్కకపోతే ఉండాల్సిన దానికంటే 2010 నాటికి మన తలసరి ఆదాయం 31 శాతం తక్కువంట. చలిదేశం నార్వేకేమో 34 శాతం కలిసొచ్చిందంట. సముద్రంలో చమురు తోడి అమ్మేదీ వాళ్ళే, ఎండ వల్ల బాగుపడేదీ వాళ్ళే! ఇక్కడ పదకొండు దాటితే చేలో కూలీ నిలబడలేకపోతున్నాడు. 2024లో బాకూలో ప్రపంచ వాతావరణ సదస్సులో కూర్చుని పేద దేశాలకి ఏడాదికి 300 బిలియన్ డాలర్లన్నారు. ఎప్పటికి? 2035 నాటికంట. అప్పటిదాకా కౌలు రైతు ఏం తినాలి? పంట నష్టం రాసేవాళ్ళొచ్చినా పాస్‌బుక్కు ఎవరిదో వాళ్ళ పేరే రాసుకుపోతారు.

అసలు నీళ్ళు మేం నిలబెడుతున్నామా? మురుగు కోడులో గుర్రపుడెక్క మీద కొంగలు షికారు చేస్తున్నాయి. ఏటా వేసవిలో పూడిక తీసేస్తారు, బిల్లులో. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేసినప్పుడు చెప్పిన బాధల్లో ఈ మురుగూ ఉంది.

కోడు దాకా ఎందుకు? మా చేలో నీళ్ళు కోడులోకి దిగే బోదె పూడ్చేసి రొయ్యల చెరువుకి లీజుకిచ్చింది ఎవరు బావగారూ? తూమన్నా వేయించండంటే "చూద్దాంలేరా" అని నాలుగేళ్ళైంది! తమరి గట్టు పక్క నుంచి మా మడిలోకి ఎగదన్నిన నీళ్ళలోనే ఈ ధాన్యం నానింది.

ఇదే గ్రూపులో పెట్టాను. అక్క ఫోనెత్తట్లేదు. మళ్ళీ మబ్బేస్తోంది, పోయి బరకాలు కప్పాలి.