సర్క్యూట్ నంబరు చిరునామా కాదు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో నెట్‌వర్కింగ్ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. ఎస్‌వీసీలకు (అవసరమైనప్పుడు కాల్ చేసి కలుపుకునే సర్క్యూట్లకు) అడ్రస్ మ్యాపింగ్ (ఏ ఐపీ చిరునామాకు ఏ నంబరో రాసుకునే మ్యాపు) అక్కరలేదనీ, ఇన్‌వర్స్ ఆర్ప్ (సర్క్యూట్ అవతలివారి ఐపీ చిరునామాను అడిగే పద్ధతి) అంతా చూసుకుంటుందనీ, రాయాల్సివస్తే అవతలి ఆఫీసు డీఎల్‌సీఐ (ఫ్రేమ్ రిలే అనే నెట్‌వర్కులో సర్క్యూట్‌కిచ్చే నంబరు) రాస్తే చాలనీ, ప్యాకెట్ వెళ్లగానే సర్క్యూట్ తెగిపోతుందనీ, బ్రాడ్‌కాస్ట్‌ను (అందరికీ ఒకేసారి పంపే ప్యాకెట్లను) విడిగా అనుమతించాలనీ దాని సారాంశం. మిత్రులు దీన్ని చదవకుండానే పంపుతున్నారు; పిల్లలు మాత్రం బట్టీపడుతున్నారు.

బ్రాడ్‌కాస్ట్ మాట నిజమే. సర్క్యూట్ ప్యాకెట్‌కొకసారి తెగుతుందన్నది తప్పు. నిర్ణీత సమయం పాటు ఖాళీగా ఉంటేనే తెగుతుంది.

అసలు హాని చేసేది డీఎల్‌సీఐ సలహా. ఆ పది బిట్ల నంబరు మన రౌటరుకూ, దాన్ని కలిపిన స్విచ్చికీ మధ్య మాత్రమే చెల్లుతుంది. విజయనగరంలో ఒకటో ప్లాట్‌ఫారం మీద ఆగిన బండి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనూ ఒకటో దాని మీదే ఆగాలని ఎవరైనా పట్టుబడతారా? పైగా ఎస్‌వీసీలో ఆ నంబరు కాల్ కలిసేటప్పుడు కేటాయింపు అవుతుంది, కాల్ ముగిశాక మరొకదానికి పోతుంది. ఇంకా పుట్టని నంబరును ముందుగా మ్యాపులో ఎలా రాయమంటారు? రాయవలసింది అవతలివాడిని పిలిచే నంబరు: ఎక్స్.25 అనే నెట్‌వర్కులో 14 అంకెల వరకు ఉండే ఎక్స్.121 చిరునామా, ఫ్రేమ్ రిలేలో ఫోన్ నంబర్ల తరహా ఈ.164 లేదా ఎక్స్.121, ఏటీఎం అనే నెట్‌వర్కులో 20 బైట్ల చిరునామా. కాల్ సెటప్ సందేశంలో వెళ్లేది అదే. మన వైపు డీఎల్‌సీఐ రాసిన మ్యాపు పీవీసీకి, అంటే ఎప్పుడూ కలిసే ఉండే సర్క్యూట్‌కి, సరిపోతుంది. ఎస్‌వీసీలో దానితో కాల్ బయలుదేరనే బయలుదేరదు, పిల్లవాడు లైను చెడిపోయిందనుకుని కేబుళ్లు మారుస్తూ కూర్చుంటాడు.

ఇన్‌వర్స్ ఆర్ప్ విషయంలో సందేశం రాసినవారికి ఒక మాట ఒప్పుకోవాలి: ఎస్‌వీసీ మీద దానికి పనే లేదనడం కూడా తప్పే. ఏటీఎం మీద ఐపీ నడిపే పద్ధతిని 1994లో నిర్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 1577 అనే ప్రమాణ పత్రంలో, క్లయింటు (నెట్‌వర్కులోని యంత్రం) సర్క్యూట్ కలపగానే ఏటీఎం ఆర్ప్ సర్వరు (ఏ ఐపీకి ఏ ఏటీఎం చిరునామానో చెప్పే యంత్రం) దాని ఐపీ చిరునామాను ఇన్‌వర్స్ ఆర్ప్‌తోనే అడుగుతుంది. అయితే అది కలిసిన సర్క్యూట్‌కు అవతల ఎవరున్నారో చెబుతుందే గాని, ఫలానా ఐపీని చేరాలంటే ఎవరిని పిలవాలో చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చేత్తో రాసిన మ్యాపు నుంచో, సర్వరు నుంచో రావాలి. ఆ సర్వరు ఏటీఎం చిరునామాను కూడా ప్రతి క్లయింటులో ముందే నమోదు చేసి ఉంచాలి. సర్వరు ఇచ్చిన జవాబును సైతం క్లయింటు 15 నిమిషాలకు మించి సరిచూడకుండా నమ్మకూడదని అదే పత్రం నియమం పెట్టింది.