పిక్క పట్టేస్తే కూర్చునే చోటేది?

సంచి పట్టుకుని రైతుబజారుకు బయల్దేరిన పెద్దాయన సందు చివరిదాకా బాగానే నడుస్తారు. మందుల షాపు దాటేసరికి పిక్క పట్టేస్తుంది. కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి, ఎవరైనా ఏమనుకుంటారోనని ఫోన్ తీసి చూస్తున్నట్టు నిలబడతారు. మూడు నాలుగు నిమిషాల్లో నొప్పి సర్దుకుంటుంది. మళ్లీ నడక, ఇంచుమించు అంతే దూరంలో మళ్లీ అదే నొప్పి. ఇంట్లో చెబితే ‘వయసు మీద పడింది కదా’ అంటారు. కొన్నాళ్లకు బజారు పని మనవడికి అప్పజెప్పి కుర్చీకే పరిమితమవుతారు.

వయసు ఖాతాలో వేసి వదిలేసే నొప్పి కాదిది. కాలికి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి సన్నబడితే ఇలా అవుతుంది. కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తమే సరిపోతుంది. నడిచేటప్పుడు కండరానికి ఎక్కువ కావాలి, అది అందదు. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ కారణాలే గానీ, బీడీ, చుట్ట, సిగరెట్ చేసే చెరుపు ఇంతా అంతా కాదు. కాలి నాళాలు పూడుకుంటున్నాయంటే గుండె, మెదడు నాళాలనూ అనుమానించాల్సిందే. చేతికీ చీలమండకీ బీపీ చూసి పోల్చితే చాలావరకు తెలిసిపోతుంది. చీలమండ దగ్గరి కొలత చేతి కొలతలో 0.9 వంతుకు మించకపోతే జబ్బు ఉన్నట్టే లెక్క. ఇంత తేలికైన పరీక్ష ప్రతి షుగరు క్లినిక్కులోనూ జరగాలి.

వైద్యులు మందులతో పాటు చెప్పేది నడకే. నొప్పి బాగా పెరిగేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి మూడు రోజులైనా, కనీసం 12 వారాలు. నొప్పి లేకుండా నడిచే దూరం క్రమంగా పెరుగుతుంది. మధ్యలో ఆగడం చికిత్సలో భాగమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెప్పులు మాత్రం మరవకూడదు. షుగరుతో స్పర్శ తగ్గిన పాదానికి గాజుపెంకు దిగినా తెలియదు. అలిపిరి మెట్లు వట్టికాళ్లతో ఎక్కుతామని మొక్కుకున్నవారు ముందు డాక్టరుకు పాదాలు చూపించుకోవాలని మా విన్నపం. రాత్రిళ్లు పడుకున్నా కాలు నొప్పి పెడుతుంటే, పుండు మానకపోతే, వేలు నల్లబడితే మాత్రం నడక పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు ఆగి ఆగి నడవమంటారు సరే, ఆగేదెక్కడ? ఒకప్పుడు ఇంటింటికీ వీధి అరుగు ఉండేది, దారిన పోయేవాళ్లు అడక్కుండానే కూర్చునేవారు. ఇప్పుడు ఆ చోటును గేటు ర్యాంపు ఆక్రమించింది. ఇళ్లున్న వీధుల్లో కూడా అడ్డంకుల్లేని 1.8 మీటర్ల ఫుట్‌పాత్ ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. ఫుట్‌పాత్ పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఊళ్లలో దాని మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇసుక కుప్పలు. మున్సిపాలిటీలను మేం అడుగుతున్నది ఫ్లైఓవర్లు కాదు. ముందు ఆ దారి ఖాళీ చేయించండి. ఆసుపత్రికి, రైతుబజారుకు, బస్టాండుకు వెళ్లే దారుల్లో వంద మీటర్లకో సిమెంటు బల్ల వేయండి, ఆనుకోవడానికి వీపుతో, లేవడానికి చేతిపట్టుతో, పైన ఒక వేపచెట్టు నీడతో.